రెండో గేరు

పుట్టాసింగి ఎగువన ఉంటాడు ఎలియా రైతా.
కొండచీపుళ్ళు కట్టలు కట్టి
గుణుపురం సంతకి దిగుతాడు, బ్రేకులు ఏడుస్తుంటే.
ఎక్కేటప్పుడు ఉప్పు, కిరసనాయిలు, పిల్లల నోటుపుస్తకాలు.
సైకిలు తమ్ముడిది. సూరత్ మగ్గాల నుంచి తెచ్చి
ఇక్కడ వదిలి మళ్ళీ పోయేడు.
ఆరు గేర్లు. మా వీధికి వచ్చేవాటిలో అలాంటిది అదొక్కటే.

బ్రేకు కట్టలు మార్చమని వచ్చేడు, అంతే.
నేనే అడగకుండా చైను మీద స్కేలు పెట్టేను.
ఇరవైనాలుగు లింకులకి పన్నెండు అంగుళాలు రావాలి.
పన్నెండు దాటి ఇంకో గోరంత వచ్చింది.
సాగిపోయింది, మార్చాలన్నాను.
సాగడమంటే ఇనుము సాగదు.
లోపల పిన్నులు అరుగుతాయి,
ఒక్కోటీ వెంట్రుకవాసి ఖాళీ,
ఇరవైనాలుగు ఖాళీలు కలిస్తే గోరంత.

కొట్లో ఉన్నది మామూలు సైకిలు చైను. వేసేను.
లావు మనిషి ఇరుకు బెంచీలో కూర్చున్నట్టు
పక్క పళ్ళచక్రాన్ని రాసుకుంటూ, కర్రు కర్రుమని.
మూడు చుట్లు తిరిగి దిగిపోయేడు.

బరంపురం బస్సు కండక్టరుకి డబ్బులిచ్చి
సన్నచైను తెప్పించేను.
నిగనిగలాడుతూ వచ్చింది, పెళ్ళికొడుకు చెప్పుల్లా.
పాతదాన్ని మేకుకి తగిలించేను.

వారానికి మళ్ళీ వచ్చేడు. మోకాలికి పసుపు రాసి ఉంది.
"గెంతుతోంది" అన్నాడు.
ఎక్కడ, ఎలాగ, అని బినోద ఒడియాలో అడిగేడు.
ఎలియా అరచెయ్యి ఏటవాలుగా పెట్టి
దాని మీద రెండు వేళ్ళు నడిపించి
చటుక్కున జార్చేడు.
దాన్ని సవరలో ఏమంటారో మా ఇద్దరికీ తెలీదు.
మోకాలు చూస్తే చాలు.

గేరుతీగ బిగించేను. గెంతింది.
వెనకాల గేరు వేలాడే చెవి వంగిందేమోనని
ఒంటికన్నుతో చూసేను. తిన్నగానే ఉంది.
బిగుసుకున్న లింకేదైనా ఉందేమోనని వెనక్కి తిప్పుతూ
జపమాలలా ఒక్కోటీ వేళ్ళ మధ్య లెక్కపెట్టేను.
లేదు.
కంపెనీని తిట్టేను. బరంపురాన్ని తిట్టేను.
బినోదని కూడా, ఏదో ఒకదానికి.

చక్రం ఎత్తి తిప్పితే ఏ గేరులోనూ గెంతదు.
బినోదని వెనకాల ఎక్కించి ఆసుపత్రి గట్టు తొక్కమన్నాను.
ఒకటిలో లేదు. మూడులో లేదు.
రెండులో టక్కుమంది, బినోద దూకేశాడు.

"రోజూ దేంట్లో ఎక్కుతావు?"
రెండు వేళ్ళు.
"ఎన్నాళ్ళ నుంచి?"
"నాలుగు వానలు."

టార్చి పట్టి చూసేను.
మిగతా అయిదింటి పళ్ళు పళ్ళలాగే ఉన్నాయి.
రెండోవాటిని కొండ ఒక పక్కకి దువ్వేసింది.
పాత చైను ఎంత పెరిగిందో
సరిగ్గా అంతకి అరిగి చోటిచ్చేయి.
కొత్తది పన్నెండుకి పన్నెండే.
ఏ తప్పూ లేదు దాంట్లో.
అందుకే నిలవలేదు.

మా నాన్న చిన్నబండి ఫిట్టరు.
రెండున్నర అడుగుల పట్టాలు, నౌపడా నుంచి,
ఆవు లేచేదాకా ఆగే బండి.
లైను వెడల్పు చేస్తామని ఆపేసిన ఏడు
షెడ్డు నుంచి ఒక రెంచి ఇంటికి తెచ్చేడు.
ఊళ్ళో ఏ నట్టుకీ పట్టదది.
కొట్టు తలుపు గాలికి కొట్టుకోకుండా
అడ్డం పెడుతుంటాను.

మేకు మీంచి పాత చైను దింపేను.
కిరసనాయిల్లో కడిగి, ఆరబెట్టి, వేసేను.
ఎలియా గట్టెక్కి దిగి వచ్చేడు.
చప్పుడుంది. గెంతు లేదు.
"ఫ్రీవీలు తెప్పిస్తాను. వానలయ్యాక రెండూ ఒకేసారి మారుద్దాం"
అన్నాను, మొదటి రోజే అనవలసిన మాట.
డబ్బులు తిరిగివ్వబోతే తీసుకోలేదు.
"చైను నాదే కదా. ఉండనీ ఇక్కడే."

ఇప్పుడు మేకు మీద కొత్తది వేలాడుతోంది.
వంశధార మీంచి తడిగాలి తిరిగినప్పుడల్లా
నూనెగుడ్డతో తుడుస్తాను
ఇంకా ఏ కొండా ఎక్కని ఆ ఇనుముని.